పాత కంచె గుంజలు - మంచినీటి చెఱువు

గడచిన వేసవి సెలవులలో మన పాఠశాల యావరణపు కంచె మార్పబడినది. పడమటి వైపున ముళ్లతీగను మోయుచుండిన కొయ్య గుంజలలో కొన్ని నేలమట్టమున విఱిగి తీగకు వ్రేలాడుచుండెను. కొన్ని యొక ప్రక్కకు ఒరిగియుండెను. మఱికొన్ని మాత్రము, వానిని పాతి యెన్ని యేండ్లైనదో చెప్పగలవారు లేకున్నను, గునపముతో కొట్టినను చెక్కు చెదరక నిలిచియుండెను. పెఱికిన గుంజలను వరండా ప్రక్కన పేర్చగా, వానిని గుఱించి మూడు కోరికలు వచ్చినవి. ఒక విద్యార్థి తండ్రిగారు గట్టి గుంజలను తమ గ్రామపు మంచినీటి చెఱువు రేవున మెట్లుగా పఱచుకొందుమని యడిగిరి. వసతిగృహపు వంటశాలలో పనిచేయువారు విఱిగిన ముక్కలను నీళ్లు కాచుటకు వంటచెఱకుగా నిమ్మనిరి. తోటపని నేర్చుకొను పిల్లలు మిగిలినవానిని కూరగాయల మడులకు గట్లుగా నమర్చుకొందుమనిరి.

ఈ మూడు కోరికలును పొదుపు తలచి చేసినవే. ఏ వస్తువును వృథాగా పాఱవేయకుండుట మన పల్లెల సద్గుణము. అయినను మూడింటిని కాదనవలసి వచ్చినది. కాదనుటకు గల కారణమును అడిగినవారికి నోటిమాటగా చెప్పితిమి గాని, సంగతి యందఱు నెఱుగవలసినదగుటచే నిచట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొట్టమొదట కొయ్య యేల చెడునో తెలిసికొందము. కొయ్యకు ముఖ్యశత్రువులు రెండు: ఒకటి బూజుజాతికి చెందిన శిలీంధ్రములు, రెండవది చెదలు. శిలీంధ్రము బ్రదుకుటకు ఆహారము, తడి, గాలి, తగుమాత్రపు వెచ్చదనము కావలెను. ఆహారము కొయ్యయే. తక్కిన మూడింటిలో ఏ యొక్కటి లోపించినను అది పెరుగజాలదు. ఇంటి కప్పులో పొడిగా నుండు తాటి దూలము రెండు మూడు తరములు నిలుచుట తడి లేకుండుటచేతనే. పూర్వము నూతులు దింపునపుడు కట్టడపు టడుగున పెట్టిన కొయ్య చట్రము నిరంతరము నీట మునిగియుండియు చెడకుండుట గాలి చాలకపోవుటచేతనే. ఈ రెండు స్థితులకును నడుమ, తడిసి యాఱుచు, ఆఱి మఱల తడియుచు నుండు కొయ్యయే శీఘ్రముగా పుచ్చిపోవును. కంచె గుంజకు నేలమట్టమున నుండు జేనెడు భాగము సరిగా నట్టి తావు. అందుచేతనే గుంజ పైన గట్టిగా నుండియు, పాతిన కొన గట్టిగా నుండియు, నడుమ నేలకడ విఱుగుచుండును. చెఱువు రేవున నీరు పెరుగుచు తఱుగుచు నుండు మేరయు నిట్టిదే.

మన గుంటూరు, ప్రకాశము సీమలలో ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి భూములు గుంజల పాలిటికి మఱియు కఠినములు. వానకాలమున ఈ మన్ను నీరు పీల్చి యుబ్బును. వేసవిని ముడుచుకొని బారలుగా బీటలు వాఱును. ఏటేట జరుగు ఈ యుబ్బు తగ్గులచే గుంజ కుదురు కదలును. గుంజ చుట్టు నేర్పడిన బీటలో తొలకరి నీరు నేరుగా లోనికి దిగును. ఆ తడి వెంట బూజును, పొడి కాలమున చెదలును వచ్చును.

మన పెద్దలు దీనికి చేవగల కొయ్యను వాడిరి. నల్లతుమ్మ, సండ్ర, టేకు, ముదురు తాటి మొదలగువాని చేవలో చెట్టు తన రక్షణకై తానే చేర్చుకొన్న పదార్థములో, గట్టిదనమో యుండుటచే పురుగును బూజును తేలికగా సోకవు. అయితే చేవ కట్టుటకు చెట్టునకు చిరకాలము పట్టును. అట్టి చెట్లు తఱుగుచుండగా కంచెల యవసరము పెరిగినది. త్వరగా పెరుగు సరుగుడు, జామాయిలు మొదలగు లేత కొయ్యలలో చేవ తక్కువ. అట్టి కొయ్యకు మందు పట్టించిననే గాని యది నేలలో రెండు మూడేండ్లకు మించి నిలుచుట కష్టము.

ఈ మందు చరిత్రలో మన తెలుగువాని పేరొకటి ప్రపంచమంతట తెలిసినది. డెహ్రాడూను పట్టణమందలి అటవీ పరిశోధన సంస్థలో పనిచేయుచుండిన శొంఠి కామేశముగారు 1933వ సంవత్సరమున నొక మిశ్రమమును కనిపెట్టిరి. అందు రాగి, ఆర్సెనిక్, క్రోమియం అను మూడు మూలద్రవ్యముల సమ్మేళనములుండును. ఆర్సెనిక్ అనగా మన వైద్యులు పాషాణమని పిలుచు పదార్థములలోని మూలద్రవ్యమే. ఆ మందునకు 'ఆస్కు' అని పేరు వచ్చినది. రసాయన శాస్త్రమున ఆర్సెనిక్ గుర్తు 'ఆస్', రాగి గుర్తు 'క్యూ' అనుటను తలచినచో ఈ పేరెట్లు వచ్చినదో పై తరగతుల విద్యార్థులు గ్రహింపగలరు. దానికి 1934లో ఇంగ్లండునందును, 1938లో అమెరికాయందును పేటెంటు లభించినది. కాలక్రమమున విద్యుత్ స్తంభములకు, వంతెనలకు, రేవు కట్టడములకు, కంచె గుంజలకు, ఇండ్ల వసారాలకు ఈ మందు పట్టించిన కొయ్య అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలండు మొదలగు దేశములలో విరివిగా వాడబడినది.

కామేశముగారి పని యొక్క గొప్పతనమెచ్చటనున్నది? రాగి బూజును చంపుననియు, పాషాణము చెదలను చంపుననియు అంతకు పూర్వమే తెలియును. మైలుతుత్తపు నీటిలో నానవేసిన కొయ్య కొంతకాలము నిలుచును గాని, నాలుగు వానలకు ఆ తుత్తము కొట్టుకొనిపోవును. కామేశముగారు దానికి డైక్రోమేటును చేర్చిరి. ఈ మిశ్రమమును కొయ్యలోనికెక్కించిన తరువాత క్రోమియము కొయ్యలోని పదార్థములతో కలిసి మార్పు చెంది, రాగిని పాషాణమును నీట సులభముగా కరగని రూపమున కొయ్యకు కట్టివేయును. మన వస్త్రములకు రంగు వేయువారు రంగు నిలుచుటకై పటిక వాడుట యెఱిగినవారికి ఈ యుపాయము తెలియగలదు. ఈ మందును పూతగా పూయరు. కొయ్యను పెద్ద యినుప గొట్టములో నుంచి మూత బిగించి, లోని గాలిని లాగివేసి, పిమ్మట మందునీటిని ఒత్తిడితో నెక్కింతురు. అందుచే మందు అంగుళముల లోతువఱకు పట్టును. దీనివలన లేత కొయ్య పదుల యేండ్లు నిలుచుచు, ఎన్నియో చెట్లు నఱకబడకుండ మిగిలినవి. ఇది యొప్పుకొనవలసిన మేలు.

కాని యొక సంగతిని మఱువరాదు. గుంజను కాపాడుచున్నది విషము. గుంజ నిలిచియున్నన్నాళ్లు విషమందు నిలిచియున్నది. గుంజ విఱిగిన దినమున ఆ విషము మాయమైపోదు. "పాతదైనది గదా, వానలకు అంతయు కడుగబడి యుండును" అని తలచుట పొరపాటు. మందు కారుట తొలి నెలలలో నెక్కువ, తరువాత తక్కువ. అయినను పూర్తిగా నాగదు. పదుల యేండ్లు నేలలో నుండిన గుంజలోను దాని పెక్కుభాగము మిగిలియే యుండును.

ఎంత మిగులును? ఒక లెక్క చేసి చూతము. కంచె గుంజలకు విదేశములలో వాడుకలో నుండిన మోతాదులలో నొకటి ఘనమీటరు కొయ్యకు 6.4 కిలోగ్రాముల మందు. ఆఱడుగుల పొడవును నాలుగంగుళముల యడ్డుకొలతయు గల గుండ్రని గుంజ పరిమాణము సుమారు 0.015 ఘనమీటరు. కావున నందు పట్టిన మందు సుమారు 95 గ్రాములు. ఆ మందులో ఆర్సెనిక్ పెంటాక్సైడు నూటికి 34 పాళ్లు. అందులో శుద్ధమైన ఆర్సెనిక్ సుమారు మూడింట రెండు పాళ్లు. అనగా ఒక్క గుంజలో సుమారు 20 గ్రాముల ఆర్సెనిక్. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, మన దేశపు త్రాగునీటి ప్రమాణమును చెప్పుచున్నవి. ఆ హద్దు ప్రకారము చూడగా ఒక గుంజలోని ఆర్సెనిక్ 20 లక్షల లీటర్ల నీటిని హద్దువఱకు తెచ్చుటకు చాలును. అనగా రెండువందల లీటర్లు పట్టు పీపాలు పదివేలు. ఈ లెక్కను చూచి బెదరవలదు. గుంజలోని విషమంతయు నొక్కమాఱుగా నీటిలోనికి రాదు; ప్రతి సంవత్సరము స్వల్పభాగమే వచ్చును. పొడినేలలో నిలిచిన గుంజనుండి కాఱినది చాలవఱకు మూలము చుట్టునున్న కొలదిపాటి మంటిలోనే చిక్కుకొనును. కాని పది ఇరువది గుంజలను చీల్చి నీటి యొడ్డున పఱచినచో సంగతి వేఱు. కోసిన ప్రతి ముఖమును, పగిలిన ప్రతి చీలికయు విషము వెలికి వచ్చుటకు క్రొత్త ద్వారము.

నీటిలోను రెండు విధములు కలవు: పాఱు నీరు, నిలువ నీరు. 1990 తరువాతి యేండ్లలో అమెరికా తూర్పు తీరమున జూడిత్ వైస్, పెడ్రిక్ వైస్ అను శాస్త్రజ్ఞులు ఈ మందు పట్టించిన కొయ్య గోడలవద్ద నివసించు ఆల్చిప్పలను, నాచును, చిన్న జీవులను పరీక్షించిరి. ఆ జీవుల శరీరములలో రాగి మొదలగు లోహములు హెచ్చుగా చేరినట్లు కనుగొనిరి. సముద్రపు పోటుపాటులచే నీరు చక్కగా మాఱు తావులలో కీడు స్వల్పముగాను, నీరు కదలక నిలుచు ఇఱుకు కాలువలలో నధికముగాను ఉండెను. దీనిని మన గ్రామములకు అన్వయించి చూడుడు. మన మంచినీటి చెఱువు ఏఱు కాదు, సముద్రము కాదు. 1967లో నాగార్జునసాగరము నీరు విడువబడినప్పటినుండి కుడికాలువ క్రింది గ్రామములు అనేకము కాలువ పాఱునప్పుడు చెఱువు నింపుకొని, కాలువ కట్టివేసిన తరువాత నెలల తరబడి ఆ నీటితోనే కాలము గడుపుచున్నవి. వేసవి యెండకు నీరావిరియై తఱుగును. అందులో కరగిన లవణములు తఱుగవు. నీరు తగ్గినకొలదిని వాని పాలు హెచ్చును. కావున మన చెఱువు ఇట్టి కొయ్యకు తగని నీటిలో మొదటిది.

నీటిని కాచి త్రాగిన చాలునని కొందఱందురు. కాచుటచే కలరా, సన్నిపాతజ్వరము మొదలగువాని క్రిములు చచ్చును. అది తప్పక చేయదగినదే. కాని ఆర్సెనిక్ క్రిమి కాదు, మూలద్రవ్యము. కాచినకొలదిని నీరు ఆవిరియగును, అది మిగులును. మన ప్రాంతమున కనిగిరి, పొదిలి మొదలగు మెట్ట తావులవారు భూగర్భజలములోని ఫ్లోరైడు వలన పండ్లు పసుపువాఱుటను, ఎముకలు వంగుటను చూచినవారే. నీటిలో కంటికి కనబడక, రుచికి తెలియక చేరిన పదార్థము సంవత్సరముల మీద దేహమునెట్లు చెఱచునో వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పశ్చిమ బెంగాలునందు గొట్టపు బావుల నీటిలో భూమినుండియే ఆర్సెనిక్ కలియుచున్నదని 1983 ప్రాంతమున బయల్పడినది. ఆ నీరు చిరకాలము త్రాగినవారికి అఱచేతులు, అరికాళ్లు గరుకెక్కి, చర్మమున మచ్చలు కలిగి, కొందఱికి పుండ్లు ముదిరి కాన్సరు సైతము వచ్చినది. అచ్చట ప్రకృతి చేసిన కీడును ఇచ్చట మనము చేతులార చేసికొనరాదు.

ఇక వంటచెఱకు మాట. ఇది చెఱువు కన్నను త్వరగా ప్రాణాపాయము తెచ్చునట్టిది. మందు పట్టిన కొయ్యను కాల్చినపుడు ఆర్సెనిక్ కొంత పొగతో లేచును. తక్కినది బూడిదలో నిలుచును. కొయ్యయంతయు కాలి పిడికెడు బూడిద కాగా, అంత కొయ్యలోని విషము ఆ పిడికెడులో చేరును. అమెరికాయందలి విస్కాన్సిన్ రాష్ట్రమున ఒక గ్రామసీమ కుటుంబమువారు ఎనమండుగురు శీతకాలమున ఇట్టి కొయ్యను పొయ్యిలో కాల్చి యింటిని వేడిచేసికొని, ఏటేట ఆ ఋతువున వింత వ్యాధికి లోనైరి. జుట్టు రాలుట, చర్మముపై దద్దుర్లు, కండరముల తిమ్మిరి మొదలగు బాధలు కలిగెను. ఆ వృత్తాంతము 1984లో అమెరికా వైద్యుల పత్రికలో ప్రకటింపబడినది.

మన దేశమున నీ యపాయము మఱింత హెచ్చు. ఏలయన బూడిద మనకు పాఱవేయు వస్తువు కాదు. దానితో గిన్నెలు తోముదుము. కొందఱు పండ్లును తోముకొందురు. బెండ, వంగ మొక్కలకు పురుగు పట్టినచో ఆకులపై చల్లుదుము. విత్తనములకు కలిపి దాచుదుము. పెరటి కుప్పలో పోసి పొలమునకు తోలుదుము. పశువులు ఉప్పదనమునకు ఆశపడి బూడిద నాకును. అట్లు నాకి చచ్చిన పశువుల వృత్తాంతములు విదేశపు పశువైద్య గ్రంథములలో కలవు. కావున వంటశాల వారికి గుంజలలో నొక్క ముక్కయు ఇయ్యకుంటిమి. కూరగాయల మడులకు ఇయ్యకుండుటకు కారణము మీరే యూహింపగలరు. గట్టు కొయ్యనుండి కాఱినది మడి మంటిలో చేరును. దుంపలకును ఆకుకూరలకును ఆ మన్ను అంటును. మడిలో చేతులు పెట్టువారు పిల్లలు.

మన ప్రాంతమున దొరకు మందు కొయ్యలలో మఱియొక తెగ రైలు స్లీపర్లు. రైలు మార్గములందు కాంక్రీటు స్లీపర్లు వచ్చిన తరువాత పాత కొయ్య స్లీపర్లు వేలములో నమ్మబడి, పొలములకు, వాకిళ్లకు, చిన్న కాలువలపై దాటుటకు చేరినవి. టేకు, సాల మొదలగు గట్టి కొయ్యల స్లీపర్లకు మందు పట్టింపకయు వాడిరి. మెత్తని జాతులకు క్రియోసోటు అను నూనెను పట్టించిరి. ఇది బొగ్గు తారునుండి తీయబడునది. ఇంగ్లండున జాన్ బెథెల్ అను నాతడు 1838లో దీనిని ఒత్తిడితో కొయ్యకెక్కించు పద్ధతికి పేటెంటు పొందెను. ఇందు ఆర్సెనిక్ లేదు గాని, చర్మమును మండించునవియు, కాన్సరు కలిగింపగలవియునగు పదార్థములు పెక్కు కలవు. మన రోహిణి యెండలకు స్లీపరునుండి నల్లని జిగురు ఊఱుట చూచినవారుందురు. అది నీటిలో పడినచో పైన నూనె తెరవలె వ్యాపించును. చేపల గ్రుడ్లకును పిల్లలకును అది హానికరము. కావున స్లీపరు నల్లగా నుండి యెండలో తారు వాసన వేయుచున్నచో దానిని రేవునకును, పశువుల కుడితి తొట్టికిని, నూతి పలకకును వాడరాదు.

మందు కొయ్యను గుర్తించుట యెట్లు? ఆస్కు వంటి మందు పట్టించిన కొయ్య క్రొత్తలో ఆకుపచ్చ చాయతో నుండును. ఎండవానలకు ఆ చాయ పోయి బూడిద వన్నెకు మాఱును. అప్పుడు కొన నొకచోట కోసి చూచినచో వెలుపలి భాగమున పచ్చని వలయమును, నడుమ సహజమైన కొయ్య రంగును కనబడవచ్చును. పాత కొయ్యలో ఇదియు స్పష్టముగా నుండకపోవచ్చును. కావున కంటి గుర్తు కన్నను మంచి గుర్తు ఒకటి చెప్పెదము. చేవలేని లేత కొయ్య మన రేగడిలో పదేండ్లు నిలిచి, చెదలు పట్టకయున్నచో, అది యూరక నిలువలేదు. చెదలు ముట్టని కఱ్ఱను మనుష్యుడు ముందుగా అనుమానింపవలెను. సందేహమున్నచో మందు కొయ్యయనియే యెంచుట క్షేమము.

అట్లయిన ఆ గుంజలన్నియు వ్యర్థములేనా? కావు. న్యూజీలండునందలి మార్ల్బరో సీమలో ద్రాక్షతోటల యందు యంత్రములు తగిలి విఱిగిన మందు గుంజలు గుట్టలుగా పేరుకొనగా, వానిలో గట్టివానిని ఏరి గొఱ్ఱెల, పశువుల పొలములకు మఱల కంచె గుంజలుగా నాటుచున్నారు. గుంజకు తగిన రెండవ వాడుక గుంజయే. మనమును ఆ పద్ధతినే అనుసరించితిమి. నేలకడ పుచ్చిన భాగమును కోసివేసి, మిగిలిన పొడవు చాలినవానిని మెట్ట సరిహద్దున, నూతికిని చెఱువునకును దూరముగా, వాననీరు వానివైపు పాఱని తావున మఱల పాతితిమి. ఇందొక మెలకువ కలదు. మందు గుంజ లోతట్టువఱకు సమముగా పట్టదు. కోసిన కొనలో మందులేని లోకొయ్య బయలుపడును. ఆ కొనను భూమిలో పెట్టినచో చెదలకు తలుపు తెఱచినట్లగును. కావున గుంజను తలక్రిందు చేసి, పూర్వము పైననుండిన కొనను భూమిలోనికిని, కోసిన కొనను పైకిని ఉంచి, నీరు నిలువకుండ దానిని ఏటవాలుగా చెక్కవలెను.

పని చేయునపుడు పాటింపవలసినవి కొన్ని కలవు. కోతను ఆరుబయట, నీటికి దూరముగా, పట్టా పఱచి చేయవలెను. ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. రంపపు పొట్టునంతయు ఎత్తి మూటకట్టవలెను; దానిని పశువుల క్రింద పఱచుటయు, ఎరువు కుప్పలో కలుపుటయు, కాల్చుటయు కూడదు. పని ముగిసిన పిమ్మట భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పనిబట్టలు వేఱుగా ఉతుకవలెను. ఎందుకును పనికిరాని ముక్కలను నేలకు తగులకుండ రాళ్లపై పేర్చి, వాన తగులకుండ కప్పు క్రింద నుంచవలెను. మన పాఠశాలలో నట్టి ముక్కలు ఇప్పుడు పాత బండ్ల కొట్టములో నున్నవి. వానిని చేర్పవలసిన తావును గూర్చి కాలుష్య నియంత్రణ మండలి వారి యాదేశము పొందు ప్రయత్నము జరుగుచున్నది.

పాత గుంజల స్థానమున క్రొత్తగా నేమి నాటవలెను? నీటి చేరువను రాయికి మించినది లేదు. మన సీమకు రాతి కొఱత లేదు. చీమకుర్తి ప్రాంతపు గ్రానైటు, పలనాటి నాపరాయి మనకు దగ్గఱనే యున్నవి. ఏడడుగుల రాతి స్తంభమును రెండడుగులు పాతినచో దానికి బూజులేదు, చెదలులేదు, మందుతో పనిలేదు. మార్కాపురపు పలకరాయి మన చేతిలో వ్రాతకు మంచిదే గాని, పొరలుగా చీలునదగుటచే గుంజకు పనికిరాదు. రాయి తెచ్చుకొనుటకు శక్తి లేనివారు కాంక్రీటు స్తంభమును, లేదా మందులేని ముదురు తుమ్మ చేవను వాడవచ్చును. చేవ గుంజను పాతునపుడు గుంత అడుగున చిప్పకంకర వేసి, చుట్టును మొరముతో దిమ్మిస చేసి, నేలమట్టమున మన్ను గుంజ చుట్టు కొంచెము ఎత్తుగా నుండునట్లు చేసినచో నీరు మూలమున నిలువక జాఱిపోవును. రేగడి మంటినే తిరిగి కూరినచో తొలి వేసవికే బీట పడి గుంజ కదలును.

స్తంభములతో పని లేని కంచె మఱియొకటి కలదు. అది సజీవమైన కంచె. వాక, గచ్చ, సీమచింత, గోరింట, కిత్తనార మొదలగువానిని వరుసగా నాటి రెండు మూడేండ్లు కాపాడినచో పశువు దూరజాలని దడి యగును. వాక్కాయలు, సీమచింతకాయలు పిల్లలకు లాభము. చెఱువునకు దడి నాటునపుడు గట్టు మీద గాక, వెలుపలి యడుగున నాటవలెను. వేళ్లు గట్టును పగులగొట్టకుండవలెను. సర్కారు తుమ్మను మాత్రము తేవలదు. అది నాటినచోట నుండక పొలములన్నిటిని ఆక్రమించును.

అన్య దేశములవారును ఈ మందు విషయమున అనుభవముచే జాగ్రత్త నేర్చిరి. అమెరికాలో ఇండ్లకును పిల్లల ఆటస్థలములకును ఈ కొయ్యను తయారుచేయుట 2003 సంవత్సరాంతమున నిలిపివేయబడినది. ఐరోపా సమాజము 2004లో దాని వాడుకను మిక్కిలి తగ్గించెను. ఇది కామేశముగారి కీర్తికి కళంకము కాదు. వైద్యుడు కనిపెట్టిన మందు ప్రాణము నిలుపును. ఆ సీసాను నూతిలో పోసినవాని తప్పు వైద్యునిది కాదు. మన తెలుగువాని తెలివిచే తయారైన వస్తువును ఎచ్చట నుంచవలెనో, ఎచ్చట నుంచరాదో తెలిసికొని వాడుటయే ఆయనకు మనము చేయు గౌరవము.

చెఱువు రేవునకు కొయ్య యడిగిన తండ్రిగారు ఈ సంగతులు విని, మెట్లకు నాపరాళ్లు తెప్పించుకొనిరి. ఆ రేవున నేడు స్త్రీలు బిందెలు ముంచుచున్నారు, చాకలివారు మైలదూరమున వేఱు గుంట వాడుచున్నారు, పిల్లలు కాళ్లు కడుగుకొనుచున్నారు. విద్యార్థులు సెలవులకు ఇండ్లకు పోయినపుడు రెండు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. మన పెరటిలోని ఆ నల్లని స్లీపరు, ఆ చెదలు పట్టని గుంజ ఎచ్చటినుండి వచ్చినవి? వానినుండి జాఱిన వాననీరు ఎచ్చటికి పోవుచున్నది? రెండవ ప్రశ్నకు సమాధానము నుయ్యి అనిగాని, చెఱువు అనిగాని వచ్చినచో, ఆ కొయ్యను వానకాలమునకు ముందే అచ్చటినుండి కదల్పుడు.